గోడకుర్చీలో తోడు

మార్చి పదిహేడో తేదీ, మంగళవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. ఆకాశంలో మబ్బు లేదు. పడమటి గాలి అప్పుడే మొదలైంది. డాబా గోడకు తగిలించిన ఉష్ణమాపకంలో పాదరసం ఇరవై ఆరు దగ్గర ఉంది. ఏడాదికి సరిపడా కారం కొట్టించుకోవడానికి తెచ్చిన మిరపకాయలను నేను పట్టా మీద పలుచగా ఆరబోస్తున్నాను. మా ఊరి ఉన్నత పాఠశాల లెక్కల టీచరుగారు ఫోను చేసి, డ్రిల్ మాస్టారు తెల్లవారుజామున నిద్రలోనే పోయారని చెప్పారు.

ఆ మాట వినగానే నాకు ఒక తలుపు గుర్తొచ్చింది. పాఠశాల పడమటి వరండా చివర చిన్న గది ఒకటి ఉంది. దాని తలుపుకు గడియ ఉంది. మూడేళ్ళుగా ఆ గడియ తలుపుకు లోపలి వైపున ఉంది. ఉండటానికి కారణం ఆయన. ఇప్పుడు ఆయన లేరు కనుక అది ఎన్నాళ్ళు అక్కడ ఉంటుంది? మరణవార్త విన్న మనిషికి రావలసిన ఆలోచన ఇది కాదని తెలుసు. అయినా వచ్చింది. ఎందుకు వచ్చిందో చెప్పాలంటే ఆయన సంగతి చెప్పాలి.

నేను తూనికలు, కొలతల శాఖలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేశాను. పొదిలి నుంచి వినుకొండ దాకా పత్తి కాటాలు, మిరప కాటాలు తనిఖీ చేయడం నా విధి. రైతు తెచ్చిన బరువు ఎంత, చీటీ మీద పడిన బరువు ఎంత, మధ్యలో తరుగు పేరుతో కోసుకున్నది ఎంత: ఈ మూడు అంకెలు చూడనిదే ఎవరి మంచినీ చెడునూ నేను నమ్మలేదు. అందువల్ల ఒక మనిషిని గురించి కృతజ్ఞతతో రాయవలసి వచ్చినప్పుడు కూడా నాకు చేతనైన పద్ధతి ఒక్కటే. చూసినది రాయడం, చూడనిది వదిలివేయడం. ఆయన ఎక్కడ చదివారో, ఎందరి మధ్య పుట్టారో నాకు సరిగా తెలియదు. పేరు తెలుసు. కానీ ఊళ్ళో ఆ పేరుతో ఎవరూ పిలవలేదు కనుక నేనూ ఇక్కడ పిలవను.

ఆయన నాకంటే జానెడు పొడుగు. ఎడమ మోకాలు ఎప్పుడో కబడ్డీలో దెబ్బతిన్నది. తెల్లని క్యాన్వాసు బూట్లు వేసుకొనేవారు. ప్రతి సోమవారం వాటిని సుద్దముక్కతో రుద్ది తెల్లగా చేసేవారు. శుక్రవారం నాటికి అవి నల్లరేగడి రంగుకు తిరిగేవి. మెడలో ఈల, చొక్కా జేబులో వేయించిన వేరుశనగ గుళ్ళు. గొంతు ఎంత పెద్దదంటే, గ్రౌండులో ఆయన "ఒరేయ్" అంటే రోడ్డు అవతల పత్తి తీస్తున్న ఆడవాళ్ళు కూడా తలెత్తి చూసేవారు.

ఏ పాఠశాలలోనైనా డ్రిల్ మాస్టారికి జీతం లేని ఉద్యోగం మరొకటి ఉంటుంది. పాఠం చెప్పేవారు తిడతారు. తిట్టుకు లొంగని పిల్లలను గ్రౌండుకు పంపుతారు, కొట్టడం ఆయన వంతు. ఆయన గదిలో గోడకు ఒక బెత్తం వేలాడేది. ఒకసారి దానిని చేతిలోకి తీసుకొని చూశాను. కొస అరిగిపోయి, ఇసుక పట్టి ఉంది. లాంగ్ జంప్ గుంటలో ఇసుక చదును చేయడానికి వాడుతున్నానని చెప్పారు.

"పిల్లల మీద వాడరా?" అని అడిగాను.

"ఇరిగిపోతది గదండీ. మళ్ళీ ఎవడు కొనాలి?"

ఆయన జవాబులు ఇలాగే ఉండేవి. బరువైన ప్రశ్నను తెచ్చి తేలిక కాటా మీద పెట్టేవారు. నా పూర్వోద్యోగం తెలిశాక నన్ను "కాటా గారూ" అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పేరు ఊళ్ళో ఇంకా కొంతమంది నోట ఉంది.

మా మనవరాలు హారిక ఆరో తరగతిలో ఆ పాఠశాలలో చేరింది. ఆమెకు ఆటిజం ఉన్నదని గుంటూరులో డాక్టరుగారు నాలుగో ఏటనే చెప్పారు. మాటలు తక్కువ. పెద్ద చప్పుడు పడదు. గంట మోగితే రెండు చెవులూ మూసుకొని బల్ల కిందికి వెళుతుంది. మరొక లక్షణం ఇక్కడ చెప్పి తీరాలి. చెప్పిన మాటను చెప్పినట్టే పట్టుకొంటుంది. "కాసేపు ఆగమ్మా" అంటే ఆమెకు అర్థం కాదు. ఎంతసేపో చెప్పాలి. చెబితే అంతసేపూ ఆగుతుంది. చెప్పకపోతే "ఎంతసేపు?" అని అడుగుతుంది. అడిగే చనువు లేని చోట, చెప్పేదాకా అలాగే ఉండిపోతుంది.

ఆ జూలైలో ఒక గురువారం మధ్యాహ్నం మూడు గంటలు దాటాక చినుకులు పడుతున్నాయని గొడుగు తీసుకొని ఆమె కోసం వెళ్ళాను. ఆరో తరగతి వరండాలో నలుగురు పిల్లలను గోడకుర్చీ వేయించి ఉంచారు. తెలుగునాట చదువుకున్నవారికి గోడకుర్చీ అంటే చెప్పనక్కరలేదు. వీపు గోడకు ఆనించి, కింద కుర్చీ లేకుండానే కుర్చీలో కూర్చున్నట్టు మోకాళ్ళు వంచి ఉండాలి. అయితే ఈ శిక్షలో పిల్లలందరికీ తెలిసిన ఒక విద్య ఉంది. వేయించినవారు అటు తిరగగానే లేచి నిలబడతారు. ఇటు తిరగగానే మళ్ళీ కూర్చుంటారు. ఆ సౌకర్యం ఉండబట్టే ఆ శిక్ష ఇన్ని తరాలు బతికింది. ముగ్గురు పిల్లలు ఆ ప్రకారమే చేస్తున్నారు. నాలుగో మనిషి హారిక. ఆమెకు ఆ విద్య రాదు. తొడలు వణుకుతున్నాయి, చెమట గడ్డం మీదికి కారుతోంది, కళ్ళు ఎదుటి గోడ మీద ఉన్నాయి. ఎంతసేపో ఎవరూ చెప్పలేదు కనుక ఆమె లేవడం లేదు.

నేను వరండా మెట్లు ఎక్కకముందే గ్రౌండులోంచి డ్రిల్ మాస్టారు తడుస్తూ వచ్చారు. హారిక పక్కన మూరెడు దూరం వదిలి, గోడకు వీపు ఆనించి, చెడ్డ మోకాలుతో సహా కిందికి జారి, గోడకుర్చీ వేశారు. యాభై దాటిన మనిషి. తరగతిలో మాటలు ఆగిపోయాయి. లెక్కల టీచరుగారు సుద్దముక్క పట్టుకొని బయటికి వచ్చారు.

"ఏంది సార్ ఇది, పిల్లల ముందర?"

"శిక్షేనండి. మీరేసిందే."

"మీకు కాదు గదా వేసింది."

"ఎంతసేపో చెప్పలేదు గదా మేడమ్. ఈ ముగ్గురూ మీరు అటు తిరగ్గానే లెగుస్తున్నారు, గ్రౌండులోంచి కనపడతానే ఉంది. ఈ పిల్లకి దొంగతనం రాదు. మీరు లెగమనేదాకా లెగవదు. పడిపోయినా లేచి మళ్ళీ వేస్తది. అందాకా నేనూ ఉంటా."

ఆ ముగ్గురూ నిలబడలేక, కూర్చోలేక మధ్యలో ఆగిపోయారు. టీచరుగారు హారిక వైపు తిరిగి, "లెగమ్మా" అన్నారు. హారిక లేచింది. ఆయన లేవలేకపోయారు. మోకాలు పట్టేసింది. నేను చేయి అందించేలోపలే హారిక తన పుస్తకాల సంచి పట్టీ ఒక కొస ఆయన వైపు చాచింది. మనుషులను ముట్టుకోవడం ఆమెకు ఇష్టం ఉండదు, అందుకని పట్టీ. ఆయన దానిని పట్టుకొని లేచారు. "బాగుంది నాయనా" అని మాత్రం అన్నారు. అంతవరకు ఎవరికీ ఏ వస్తువూ తానుగా అందించని పిల్ల ఆమె. అందువల్ల ఆ రోజును నేను మరిచిపోలేదు.

ఆ తరువాత అది ఆయన అలవాటుగా మారింది. ఆ పాఠశాలలో హారికతో కలిపి ప్రత్యేక అవసరాలున్న పిల్లలు అయిదుగురు. వారిలో ఎవరిని ఏ వరండాలో నిలబెట్టినా, ఎండలో మోకాళ్ళ మీద ఉంచినా, చూసిన వెంటనే వచ్చి పక్కన తానూ అదే వేసేవారు. వాదన లేదు, ఫిర్యాదు లేదు. జేబులోంచి వేరుశనగ గుళ్ళు తీసి ఒకటి ఆ బిడ్డకు, ఒకటి తనకు. ఉపాధ్యాయులకు విసుగు వచ్చింది. వయసుకు తగినట్టు ఉండమని హెడ్మాస్టరుగారు పిలిచి చెప్పారు. పిల్లలను కొట్టరాదనీ, మనసు నొప్పించరాదనీ విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షను చెబుతుంది. ఆ సెక్షను రాసిన కాగితం హెడ్మాస్టరుగారి గది గోడకే అతికించి ఉండేది. దానిని చదివి ఎవరూ మానలేదు. దసరా సెలవులు వచ్చేసరికి గోడకుర్చీలు మాత్రం ఆ పాఠశాలలో కనబడకుండా పోయాయి. ఒక పెద్దమనిషి మోకాలు రోజూ అలా వణుకుతుంటే చూడటం ఎవరికీ చేతకాలేదు.

ఎందుకిలా చేస్తారని ఆయనను మూడుసార్లు అడిగాను. మొదటిసారి, మోకాలికి వ్యాయామం కావాలని ఒంగోలు డాక్టరు చెప్పాడన్నారు. రెండోసారి, చిన్నప్పుడు తాను గోడకుర్చీ వేసినప్పుడు పక్కన ఎవరూ లేక ఏమీ తోచేది కాదన్నారు. మూడోసారి, వేరుశనగ గుళ్ళు అరగడానికన్నారు. మూడు సాక్ష్యాలూ ఒకదానితో ఒకటి పొసగలేదు. నా పద్ధతి ప్రకారం ఆ గడి ఖాళీగా వదిలేశాను.

లెక్కల టీచరుగారి పక్షం కూడా చెప్పాలి. ఆమె చెడ్డమనిషి కాదు. ఒకరోజు గ్రౌండు దగ్గరికి వచ్చి మాస్టారిని నిలదీశారు. అప్పుడు నేను అక్కడే వేపచెట్టు కింద బెంచీ మీద ఉన్నాను. తన తరగతిలో నలభై ఆరుమంది ఉన్నారనీ, గంట మోగిన ప్రతిసారీ ఆ పిల్ల బల్ల కింద దూరితే పాఠం ఎక్కడ మొదలుపెట్టాలనీ, పక్కన కూర్చుని జాలి చూపించడం తేలికేననీ అన్నారు. ఆయన నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. బూటు కొనతో మట్టి గీకి, "నిజమేనండి. గంట సంగతి చూద్దాం" అన్నారు.

మరునాటి నుంచి ఆటల పోటీలకు వాడే పచ్చ జెండా ఒకటి ఆరో తరగతి కిటికీ దగ్గరికి వచ్చింది. గంట కొట్టడానికి నిమిషం ముందు అటెండరు గ్రౌండు వైపు చేయి ఊపాలి. అక్కడున్న మాస్టారు తరగతి నాయకురాలికి సైగ చేయాలి. ఆమె జెండా ఎత్తాలి. జెండా లేవగానే హారిక చెవులు మూసుకొనేది. గంట మోగి ఆగిపోయేది. చేతులు తీసి పుస్తకం తెరిచేది. అంతే. బల్ల కిందికి వెళ్ళవలసిన పని తగ్గింది. ఆ పిల్ల వినికిడిలో ఉన్నంత మేరా ఆయన ఈల ఊదడం మానేశారు. ఆమె గ్రౌండులోకి వస్తే ఈలను చేతిరుమాలులో చుట్టి జేబులో పెట్టుకొనేవారు. పిల్లలను పిలవడానికి గొంతు చాలదా అంటే, గొంతు కూడా తగ్గించారు. ఈ రెండో సంగతి ఆయనను ఎరిగినవారెవరూ ముందు నమ్మలేదు.

ఇక గడియ. మండలంలోని పాఠశాలలు తిరిగే ప్రత్యేక ఉపాధ్యాయురాలు వారానికి రెండు రోజులు వచ్చేవారు. చప్పుడు భరించలేని సమయంలో హారికకు కొంచెంసేపు ఒంటరిగా ఉండే నిశ్శబ్దమైన చోటు కావాలని ఆమె సూచించారు. మంచి సూచన. హెడ్మాస్టరుగారు మంచి మనసుతోనే ఒప్పుకున్నారు. పాత బల్లలు పడేసిన గదిని ఖాళీ చేయించి, సున్నం కొట్టించి, చాప వేయించారు. అయితే పాఠశాల ముందరే పత్తి లారీలు పోయే రోడ్డు. పిల్ల పరుగెత్తి రోడ్డు మీదికి పోతే ఎవరు జవాబుదారీ? ఆ భయంతో తలుపుకు బయటి నుంచి గడియ బిగించారు. మా ప్రాంతంలో ఏ గది కట్టినా పంట పెట్టుకొనే కొట్టంలాగే ఆలోచిస్తారు. బయట గడియ లేని గది ఎవరి కంటికీ పూర్తయిన గది కాదు. అంత చిన్న ఇనుప ముక్కతో నిశ్శబ్దపు గది మరొకటి అయిపోతుందని ఎవరికీ తోచలేదు.

గడియ ఉన్నాక చేతికి పని దొరికింది. చప్పుడు భరించలేనప్పుడు వెళ్ళే గది, చప్పుడు చేసినప్పుడు పెట్టే గది అయింది. మరో రెండు నెలలకు మిగతా తరగతుల్లో కూడా "హారిక గదిలో పెడతా" అనడం బెదిరింపు మాటగా చెలామణి అయింది. మా మనవరాలి పేరు ఆ విధంగా ఒక శిక్షకు పేరయింది. ఆ మాట మా ఇంటికి చేరింది, కానీ దాని అర్థం మాకు అప్పటికి తెలియలేదు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం జిల్లా నుంచి అధికారి ఒకరు తనిఖీకి వచ్చారు. ఉదయం ప్రార్థనలో మైకు మోగడంతో హారిక కేకలు పెట్టింది. ఎవరో ఆమెను ఆ గదిలో ఉంచి గడియ వేశారు. ఎవరన్నది ఈ రోజుకీ తేలలేదు. తనిఖీ సాగింది, అందరూ దానిలో పడ్డారు. పన్నెండున్నరకు మా అమ్మాయి, అంటే హారిక తల్లి, అన్నం క్యారియరుతో వెళితే పిల్ల తరగతిలో లేదు. అడిగితే ఇద్దరు టీచర్లు రాలేదన్నారు, ఒకరు వచ్చిందన్నారు. అమ్మాయి నాకు ఫోను చేసింది. నేను సైకిలు మీద వెళ్ళేసరికి డ్రిల్ మాస్టారు పడమటి వరండా చివర ఉన్నారు. లోపలి నుంచి ఏడుపు వినిపించలేదట. తలుపు మీద ఒకే లయలో ఏదో కొట్టుకోవడం వినిపించిందట. అది ఆ పిల్ల తల.

నేను చూసినది ఇది. తలుపు తెరిచి ఉంది. నుదురు కమిలి ఉంది. గోళ్ళ దగ్గర తలుపు రంగు అంటుకొని ఉంది. గౌను తడిసింది. ఆయన గుమ్మానికి అడ్డంగా, వీపు ఇటు తిప్పి కూర్చుని, మా అమ్మాయి తప్ప మరొకరు లోపలికి చూడకుండా కాపలా ఉన్నారు. ఆమె పిల్లకు బట్టలు మార్చేదాకా అక్కడి నుంచి కదలలేదు. హెడ్మాస్టరుగారూ, వచ్చిన అధికారీ కూడా ఆ వీపు అవతలే నిలబడవలసి వచ్చింది.

హెడ్మాస్టరుగారి ముఖం పాలిపోయి ఉంది. అది పిల్ల క్షేమం కోసమే పెట్టిన గడియ అని మళ్ళీ మళ్ళీ చెప్పారు. ఆయన అబద్ధం చెప్పలేదు. మాస్టారు లేచి, సైన్సు ల్యాబు నుంచి స్క్రూడ్రైవరు తెప్పించారు.

"మిరప టిక్కీలు, పత్తి బస్తాలు పెట్టే కొట్టానికి గడియ బయటుంటది సార్. మనుషులుండే గదికి లోపలుంటది. అంతే తేడా."

అధికారి చూస్తుండగానే మరమేకులు ఒక్కొక్కటీ తిప్పి తీశారు. గడియ పట్టీకి ఆరు, అది దూరే చెవికి రెండు. ఎనిమిదింటినీ ఈల చుట్టుకొనే చేతిరుమాలులో మూట కట్టుకున్నారు.

పై వారం ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించినందుకు వివరణ ఇవ్వమని ఆయనకు మెమో వచ్చింది. ఇచ్చిన వివరణ నాకు ఆయనే చెప్పారు. "నష్టం కాదండి, బదిలీ. బయట డ్యూటీ చేసే గడియని లోపలికి బదిలీ చేశా. ఆర్డరు లేకుండా చేశా, అది తప్పే." ఆ మెమో అంతటితో ఆగిపోయింది.

కానీ ఆ మెమో రాకముందే మా ఇంట్లో మరొకటి జరిగింది. మా అమ్మాయి ఇక పిల్లను పంపనని తేల్చి చెప్పింది. హెడ్మాస్టరుగారు కూడా టి.సి. తీసుకొని ఇంటి దగ్గరే చదివించుకోవడం అందరికీ మంచిదని కబురు పెట్టారు. హారిక తండ్రి పురుగుమందుల కొట్టు కట్టేసి వచ్చి, భార్య పక్కన కూర్చున్నాడు. నాకూ ఆమె మాట కాదనడానికి ఆధారం ఏదీ దొరకలేదు. పన్నెండేళ్ళ పిల్ల చదువు ఆ ఆదివారంతో ముగిసిపోవలసిందే.

ఆ సాయంకాలం మాస్టారు మా ఇంటికి వచ్చారు. అదే మొదటిసారి. బూట్లు గుమ్మం బయట విడిచి, కుర్చీ వేసినా వద్దని, గోడకు ఆనుకొని నేల మీద కూర్చున్నారు. మజ్జిగ తాగారు. మా అమ్మాయి చెప్పినదంతా విన్నారు. ఆమె కన్నీళ్ళు తుడుచుకొన్నాక అన్నారు:

"అమ్మాయ్, నీ భయం నాకు తెలుసు. కానీ ఇంట్లో పెట్టావనుకో, ఆ గడియ నీ చేతికొస్తది. రేపు నువ్వు కొట్టుకి పోవాలి, బావి కాడికి పోవాలి, పెళ్ళికి పోవాలి. బయట గడియేసే పోతావు. నువ్వు మంచిదానివే. ఆ హెడ్మాస్టరూ మంచోడే."

తరువాత నా వైపు తిరిగారు. "కాటా గారూ, మీరు తూచందే ఏదీ నమ్మరు గదా. ఒక్క వారం బడికొచ్చి వరండాలో కూర్చోండి. మీ కళ్ళతో చూసి చెప్పండి. అప్పుడు టి.సి. తీసుకోండి."

నేను వెళ్ళాను, మా అమ్మాయి కూడా వెంట వచ్చింది. సోమవారం గడియ తలుపు లోపలి వైపున బిగించి ఉంది, హారిక చేతికి అందే ఎత్తులో. బిగించినవారు ఒక జాగ్రత్త తీసుకున్నారు: అవసరమైతే తలుపు సందులోంచి స్కేలు దూర్చి ఎత్తితే వచ్చేటట్టు వదులుగా ఉంచారు. పదకొండు గంటల ప్రాంతంలో తరగతిలో ఏదో గోల లేచింది. హారిక చెవులు మూసుకొని బయటికి వచ్చి, నేరుగా ఆ గదిలోకి పోయి, తలుపు మూసింది. గడియ పడిన చప్పుడు వినిపించింది.

హెడ్మాస్టరుగారు పరుగున వచ్చారు. లోపల ఏమైనా చేసుకుంటే ఎవరిది పూచీ అన్నారు. మా అమ్మాయి వరండా స్తంభం పట్టుకొని నిలబడింది. మాస్టారు స్కేలు ఒకటి తీసి నా చేతికిచ్చారు. తాను తలుపు పక్కన గోడకు వీపు ఆనించి గోడకుర్చీ వేశారు. తలుపు వైపు చూడలేదు, పిలవలేదు. మేము ముగ్గురమూ నిలబడ్డాము. వరండాలో గాలి తప్ప ఏమీ లేదు. లోపల తల కొట్టుకొన్న చప్పుడు లేదు. నా చేతిలో స్కేలు తడిసిపోయింది. గడియారం చూడటం నా అలవాటు. ఆ రోజు చూడలేదు.

తరువాత లోపల ఇనుము ఇనుముకు రాసుకున్న చప్పుడయింది. గడియ తనంతట తాను రాదు. ఆ పిల్ల తీసింది. తలుపు తెరుచుకొని హారిక బయటికి వచ్చింది. ముఖం కడిగినట్టు ప్రశాంతంగా ఉంది. గోడకుర్చీలో ఉన్న మనిషిని చూసింది. తరగతిలోకి వెళ్ళి సంచి తెచ్చి, పట్టీ కొస చాచింది.

వారం చివరికి, టీ చల్లారేంత సమయం కూడా ఆ గదిలో ఉండకుండానే బయటికి వచ్చేది. కొన్ని రోజులు అసలు వెళ్ళలేదు. టి.సి. మాట మళ్ళీ మా ఇంట్లో ఎత్తలేదు. హారిక ఇప్పుడు తొమ్మిదో తరగతి. "హారిక గది" అనే పేరు ఇప్పటికీ ఉంది. కాకపోతే ఇప్పుడు పిల్లలు దానిని మా ఊరి చెరువుగట్టు అన్నట్టు, ఒక చోటు పేరుగా అంటారు.

మాస్టారు పోయిన రోజు సాయంకాలం ఆ సంగతి ఆమెకు నేనే చెప్పాను. తిప్పి చెప్పే మాటలు ఆమెతో పనికిరావు. మాస్టారు చనిపోయారు, ఇక బడికి రారు అన్నాను. ఆమె నా ముఖం వైపు చూడకుండా, "ఎంతసేపు?" అని అడిగింది.

ఆమె ఆ ప్రశ్న అడిగిన ప్రతిసారీ నేను ఒక అంకె చెబుతూ వచ్చాను. ఈసారి నా దగ్గర అంకె లేదు. ఎప్పటికీ రారమ్మా అన్నాను. ఆమె తన సంచి తెచ్చి, పట్టీని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ పొద్దుపోయేదాకా గడపలో కూర్చుంది.

పెద్దకర్మకు పొదిలి దగ్గర ఆయన ఊరికి వెళ్ళివచ్చాను. ఫోటో ముందు ఈల, చేతిరుమాలు పెట్టి ఉన్నాయి. ఎవరో ఆయన కబడ్డీ గురించి మాట్లాడారు. నా మనసు ఆ తలుపు మీదే ఉంది. ఈ ఏడాది ఆరో తరగతిలో చప్పుడు పడని మరొక బిడ్డ చేరాడని తెలుసు. ఎనిమిది నెలలుగా ఆ గది వాడుకొంటున్నది వాడేనని హారిక తల్లి చెప్పింది. హెడ్మాస్టరుగారు బదిలీ అయ్యారు, కొత్తవారు వచ్చారు. కొత్తవారికి రోడ్డు కనిపిస్తుంది, లారీలు కనిపిస్తాయి. మరమేకులు కొనడం పెద్ద పని కాదు.

చెప్పకుండా వెళ్ళడం మా శాఖలో పాత పద్ధతి. చెప్పి వెళితే ఏ కాటా అయినా సరిగానే తూస్తుంది. ముప్పయ్యో తేదీ సోమవారం ఉదయం పదకొండు గంటలకు పాఠశాలకు వెళ్ళాను. ఒంటిపూట బడి. ఎండ అప్పటికే తెల్లగా కాస్తోంది. పడమటి వరండా చివరికి నడిచాను.

తలుపు మూసి ఉంది. పక్కన గోడకు వీపు ఆనించి, నేల మీద, లెక్కల టీచరుగారు కూర్చుని ఉన్నారు. ఒడిలో పచ్చ జెండా, దాని మీద ఒక స్కేలు. నన్ను చూసి లేవబోయి, ఆగి, పెదవుల మీద వేలు పెట్టారు. నేను ఆమెకు మూరెడు దూరంలో గోడకు ఆనుకొని నిలబడ్డాను.

"గోడకుర్చీ నా వల్ల కాదండీ," అన్నారు గొంతు తగ్గించి. "కూర్చుంటే చాలులే అని కూర్చుంటున్నా."

నేను తలుపు వైపు చూశాను. కొంతసేపటికి లోపల ఇనుము ఇనుముకు రాసుకుంది. పిల్లవాడు తలుపు తెరిచి బయటికి వచ్చి, మా ఇద్దరినీ దాటుకొని తరగతిలోకి వెళ్ళిపోయాడు. తెరిచిన తలుపును నేను రెండు వైపులా, గుమ్మంతో సహా తడిమి చూశాను.

బయటి వైపు గడియలు: లేవు. మరమేకులు తీసిన రంధ్రాలు: ఎనిమిది. లోపలి వైపు గడియ: ఒకటి. గదిలోకి వెళ్ళిన పిల్లలు ఒకరు. తమ చేత్తో తీసుకొని బయటికి వచ్చినవారు ఒకరు. తరుగు లేదు.